కామెర్ల శాంపిల్ చేతికొచ్చాక: వైరల్ హెపటైటిస్ పరీక్షలు చేసే పద్ధతి

ల్యాబ్‌కి వచ్చే ఫారాల్లో చాలావాటి మీద "వైరల్ మార్కర్స్" అనో, "హెపటైటిస్ ప్రొఫైల్" అనో రెండే రెండు ముక్కలు గిలికి ఉంటాయి. లివర్ వాపు తెప్పించే హెపటైటిస్ వైరస్‌లు ఐదు: ఏ, బీ, సీ, డీ, ఈ. వాటిలో ఏది వెతకాలో ఆ ఫారం చెప్పదు. ఆ రెండు ముక్కలు పట్టుకుని పని మొదలుపెట్టొద్దని నా బెంచ్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి ముందే చెప్పేస్తాను. కిట్ డబ్బా తెరవకముందే వార్డుకి ఫోన్ చేసి అడగాల్సినవి ఉన్నాయి. కామెర్లు, వాంతులు ఏ తేదీన మొదలయ్యాయి? ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైమ్ ఎంత ఉంది? హెపటైటిస్ బీ టీకా వేయించుకున్నారా? ఈమధ్య రక్తం గానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) గానీ ఎక్కించారా? రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారా?

ఇదంతా డాక్టరుగారి పని కదా, మనకెందుకు అంటారు. హెపటైటిస్ పరీక్షల్లో మిషన్ ఇచ్చే అంకెకి దానంతట దానికి అర్థం లేదు. అదే కిట్, అదే పాజిటివ్. జబ్బు మొదలైన పదో రోజున ఒక మాట చెబుతుంది, ఎనిమిదో నెలలో ఇంకో మాట చెబుతుంది. ల్యాబ్‌ని అడిగే ప్రశ్నలు నిజానికి మూడే. వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా? ఎప్పుడో వచ్చి పోయిందా? ఇకమీదట రాకుండా రక్షణ ఉందా? వీటిలో దేనికి జవాబు కావాలో తెలిస్తేనే ఏ పరీక్ష పెట్టాలో తెలుస్తుంది.

లివర్ పరీక్షలైన ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, బిలిరుబిన్‌ల దగ్గర ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. అవి లివర్ దెబ్బతిందని చెబుతాయి, ఎవరు దెబ్బతీశారో చెప్పవు. అక్యూట్, అంటే కొత్తగా ఒక్కసారిగా వచ్చిన హెపటైటిస్‌లో ఏఎల్‌టీ నార్మల్‌కి పది రెట్లు దాటడం, వేలల్లోకి వెళ్లడం మామూలే. కానీ దీర్ఘకాలిక బీ, సీ ఉన్నవాళ్లలో అదే ఏఎల్‌టీ ఏళ్ల తరబడి నార్మల్‌గా ఉండొచ్చు. కాబట్టి "ఎంజైములు బాగానే ఉన్నాయి, వైరస్ పరీక్షలు అక్కర్లేదు" అనే మాట ఒప్పుకోవద్దు. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే అంకె) పెరిగి ఉంటే మాత్రం వైరస్ రిపోర్ట్ తయారయ్యేదాకా ఆగకుండా వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేయాలి. ఎంజైములు ఎంత పెరిగాయన్నదానికంటే లివర్ పనిచేయడం ఆపేస్తోందా అన్నది చెప్పే అంకె అది.

శాంపిల్ దగ్గరే సగం పని

యాంటిజెన్ (వైరస్ ప్రోటీన్ ముక్క), యాంటీబాడీ (వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసేది) పరీక్షలకి సీరం, అంటే గడ్డకట్టిన రక్తం పైన తేలే ద్రవం, సరిపోతుంది. రక్తం తీశాక కనీసం 30 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, పూర్తిగా గడ్డకట్టాకే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాలి. తొందరపడి ముందే తిప్పితే పైకి సీరం తేటగానే కనిపిస్తుంది. ట్యూబుని లైటుకి ఎదురుగా పట్టుకుని కాస్త వంచి చూడండి, సాలెపోగు లాంటి ఫైబ్రిన్ దారం ఒకటి తేలుతూ ఉంటుంది. అది పిపెట్ మొనలో ఇరుక్కుంటే వాల్యూమ్ తగ్గుతుంది. ఎలైజా (రంగు మార్పుతో చదివే ప్లేటు పరీక్ష) గుంటలో పడితే వాష్‌కి పోకుండా కాంజుగేట్‌ని (ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీని) పట్టుకుని కూర్చుంటుంది, లేని పాజిటివ్ పుట్టిస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల శాంపిల్ గడ్డకట్టడానికి ఎక్కువసేపు పడుతుంది, వాటిని విడిగా పెట్టుకోండి. దారం కనిపిస్తే మళ్లీ తిప్పి, పై సీరం వేరే ట్యూబులోకి తీసుకోవాలి.

పీసీఆర్‌కి (వైరస్ జన్యు పదార్థాన్ని కోట్ల కాపీలుగా పెంచి వెతికే పరీక్షకి) వెళ్లే శాంపిల్ కథ వేరు. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన ట్యూబులో తీయాలి. హెపారిన్ ట్యూబ్ వస్తే నిర్మొహమాటంగా వెనక్కి పంపండి, హెపారిన్ పీసీఆర్ రియాక్షన్‌నే అడ్డుకుంటుంది. సీ లాంటి వైరస్‌ల జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏ సున్నితమైన సరుకు. రక్తకణాలతో కలిపి గంటల తరబడి ఉంచకుండా కిట్ కాగితంలో చెప్పిన గడువులోపు ప్లాస్మా వేరుచేయాలి. వెంటనే చేయలేకపోతే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 70 డిగ్రీల దగ్గర దాచండి. ఒకే ట్యూబుని కరిగించడం, మళ్లీ గడ్డకట్టించడం, మళ్లీ కరిగించడం వల్ల వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ మోతాదు) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

సీరం పాడవకుండా సోడియం అజైడ్ కలిపే పాత అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఎలైజాలో రంగు పుట్టించే పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ని అజైడ్ చంపేస్తుంది. అలాగే భద్రత పేరుతో సీరాన్ని 56 డిగ్రీల దగ్గర వేడిచేసి తెస్తారు, చాలా కిట్లలో దానివల్ల ఫలితం తారుమారవుతుంది. ఈ రెండూ వద్దు.

మీ భద్రత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎండిపోయిన రక్తపు మరకలో హెపటైటిస్ బీ వైరస్ కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. టీకా లేని మనిషికి బీ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే జబ్బు అంటుకునే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. కాబట్టి టీకా మూడు డోసులూ పూర్తయి, ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి యాంటీ హెచ్‌బీఎస్ (బీ నుంచి కాపాడే యాంటీబాడీ) చూసుకుని, అది లీటరుకి 10 యూనిట్లు దాటిందని తెలిశాకే ఈ బెంచ్ మీద కూర్చోవాలి. ఇంకొకటి: ఎలైజా ప్లేటులో చివర పోసేది ఆసిడ్. ఆ వ్యర్థంలోకి నేరుగా బ్లీచ్ పోస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. ముందు ఆసిడ్‌ని తటస్థం చేసి, తర్వాతే బ్లీచ్ కలపాలి.

ర్యాపిడ్ కార్డు

కార్డు టెస్టుని చిన్నచూపు చూడక్కర్లేదు. కరెంటు లేని చోట, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో అదే దిక్కు. నియమాలు కూడా తక్కువే. కార్డు, శాంపిల్ రెండూ గది ఉష్ణోగ్రతకి వచ్చాక పౌచ్ చింపాలి. చెప్పినన్ని చుక్కలే వేయాలి. టైమర్ పెట్టుకుని, కిట్‌లో రాసిన నిమిషాలకి చదవాలి. కంట్రోల్ గీత రాకపోతే ఆ కార్డు చెల్లదు, ఇంకోటి తీయండి. టెస్ట్ గీత ఎంత మసగ్గా ఉన్నా, గడువులోపు వస్తే అది రియాక్టివే (పరీక్షకి స్పందించినట్టే). గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూసినప్పుడు కనిపించే గీతకి మాత్రం విలువ లేదు. తక్కువ మోతాదులో ఉన్న యాంటిజెన్‌ని కార్డు వదిలేయగలదు. అనుమానం బలంగా ఉండి కార్డు నెగెటివ్ వస్తే ఎలైజాకో, కెమిల్యూమినెసెన్స్ (కాంతిని కొలిచే) మిషన్‌కో పంపండి.

ఎలైజా: చేతి పని ఇక్కడే తెలుస్తుంది

ఆటోమేటిక్ మిషన్లు వచ్చాక ఎలైజా చేతితో చేసేవాళ్లు తగ్గిపోయారు. అయినా నేను అందరికీ ఒకసారి చేతితో చేయిస్తాను. లోపల ఏం జరుగుతోందో తెలియని మనిషికి మిషన్ తప్పు చెప్పినప్పుడు అనుమానం రాదు.

ముందు మీ కిట్ ఏ రకమో తెలుసుకోండి. హెచ్‌బీఎస్ యాంటిజెన్‌కి (బీ వైరస్ పైపొర ప్రోటీన్‌కి) శాండ్‌విచ్ పద్ధతి: గుంట అడుగున యాంటీబాడీ అతికించి ఉంటుంది, అది శాంపిల్‌లోని యాంటిజెన్‌ని పట్టుకుంటుంది, దాని మీద ఎంజైమ్ తగిలించిన ఇంకో యాంటీబాడీ కూర్చుంటుంది. యాంటీ హెచ్‌సీవీకి (సీ వైరస్ మీద తయారయ్యే యాంటీబాడీకి) ఇన్‌డైరెక్ట్ పద్ధతి: అడుగున వైరస్ ప్రోటీన్లు ఉంటాయి, రోగి యాంటీబాడీ వాటికి అతుక్కుంటుంది. ఐజీఎమ్ (జబ్బు కొత్తగా వచ్చినప్పుడు ముందు పుట్టే యాంటీబాడీ) పరీక్షలు చాలావరకు క్యాప్చర్ పద్ధతిలో ఉంటాయి, ముందు ఐజీఎమ్‌లన్నిటినీ పట్టుకుని, వాటిలో మనకి కావలసినది ఉందా అని చూస్తాయి. ఈ మూడింటిలోనూ రంగు ఎక్కువైతే పాజిటివ్. టోటల్ యాంటీ హెచ్‌బీసీ (బీ వైరస్ లోపలి కోర్ ప్రోటీన్ మీద వచ్చే యాంటీబాడీలన్నీ; దీన్నే టోటల్ కోర్ అంటాం) కిట్లలో చాలావాటిది కాంపిటీటివ్ పద్ధతి, అక్కడ లెక్క తిరగబడుతుంది. రోగి యాంటీబాడీ, కిట్‌లోని ఎంజైమ్ యాంటీబాడీ ఒకే చోటు కోసం పోటీపడతాయి. రోగిది గెలిస్తే రంగు రాదు. రంగు లేని గుంటే పాజిటివ్. పొద్దున్నించి హెచ్‌బీఎస్ ప్లేట్లు చదివి, అలసిపోయి, సాయంత్రం కోర్ ప్లేటు చదివే మనిషి ఇక్కడే బోల్తా పడతాడు. అందుకే మా దగ్గర కాంపిటీటివ్ ప్లేటు వర్క్‌షీట్ రంగు కాగితం మీద ప్రింట్ చేస్తాం.

ఇక చేయడం. కిట్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచండి. చల్లటి రీఏజెంట్ వాడితే రంగు తగ్గుతుంది. వేర్వేరు లాట్ నంబర్ల సీసాలు కలపొద్దు. బ్లాంక్, నెగెటివ్ కంట్రోల్స్, పాజిటివ్ కంట్రోల్స్ పెట్టి, వాటితోపాటు మీ సొంత కంట్రోల్ ఒకటి, కటాఫ్‌కి (పాజిటివ్, నెగెటివ్‌లని విడదీసే అంకెకి) కాస్త పైన ఉండే బలహీనమైన పాజిటివ్, ప్రతి ప్లేటులోనూ పెట్టండి. కిట్ కంపెనీ ఇచ్చే పాజిటివ్ కంట్రోల్ ఎంత బలంగా ఉంటుందంటే, కిట్ సగం చచ్చిపోయినా అది పసుపుగా వెలుగుతూనే ఉంటుంది. బలహీనమైన కంట్రోల్ రీడింగ్‌ని రోజూ లెవీ జెన్నింగ్స్ చార్ట్ మీద చుక్కపెట్టి చూస్తే, పడిపోవడం నాలుగు రోజుల ముందే కళ్లకి కనిపిస్తుంది.

శాంపిల్ వేసి, ప్లేటుకి సీలర్ అతికించి 37 డిగ్రీల దగ్గర ఇంక్యుబేట్ చేయాలి. ఎంతసేపో కిట్ చెబుతుంది, తరచుగా 60 నిమిషాలు. ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. మధ్య గుంటలు ఆలస్యంగా వేడెక్కి, అంచు గుంటల్లో రంగు ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు వాష్. ఎలైజాలో తప్పుడు ఫలితాలకి మూలం వెతికితే ఎక్కువసార్లు ఇక్కడికే వచ్చి ఆగుతాను. ప్రతి గుంటా అంచుదాకా నిండాలి, పొర్లకూడదు. నింపాక 30 సెకన్లు ఆగాలి, అతుక్కోని కాంజుగేట్ వదిలి పైకి రావడానికి ఆ సమయం కావాలి. తర్వాత పూర్తిగా లాగేయాలి. ఇలా ఐదారుసార్లు. ఆఖరున ప్లేటుని బోర్లించి, మడతపెట్టిన బ్లాటింగ్ పేపర్ మీద గట్టిగా తట్టండి. తట్టాక కాగితం మీద తడి గుండ్రాలు పడతాయి. వాటన్నిటి సైజూ ఒకేలా ఉందో లేదో చూడండి. ఒక వరసలో గుండ్రాలు పెద్దవిగా ఉంటే వాషర్‌లో ఆ వరస సూది మూసుకుపోయిందన్నమాట. ప్లేటు చదివినప్పుడు ఒకే నిలువు వరసలో ఎనిమిది పాజిటివ్‌లు వస్తే రోగుల్ని కాదు, ఆ సూదిని అనుమానించాలి. వాష్ బఫర్‌లో ఉప్పు స్ఫటికాలు కట్టి సూదులు మూసుకుపోతాయి. రోజు పని అయ్యాక డిస్టిల్డ్ వాటర్‌తో వాషర్‌ని కడిగి వెళ్లేవాళ్లకి ఈ బాధ ఉండదు. వాష్ అయ్యాక గుంటల్ని ఎండబెట్టొద్దు, వెంటనే తర్వాతి రీఏజెంట్ పోయాలి.

రంగు పుట్టించే టీఎంబీ ద్రవం పోశాక చీకట్లో పెట్టాలి. పాజిటివ్ గుంటలు నీలంగా మారతాయి. స్టాప్ సొల్యూషన్ (ఆసిడ్) పడగానే నీలం పసుపు అవుతుంది. టీఎంబీ ఏ వరసలో పోశారో ఆసిడ్ కూడా అదే వరసలో, అదే వేగంతో పోయాలి. 450 నానోమీటర్ల దగ్గర, 620 లేదా 630 రిఫరెన్స్ పెట్టి, కిట్ చెప్పిన గడువులో చదవండి.

కటాఫ్ ఎలా కట్టాలో కిట్ కాగితంలో ఉంటుంది. శాంపిల్ ఓడీని (రంగు గాఢత రీడింగ్‌ని) కటాఫ్‌తో భాగిస్తే వచ్చేది ఎస్ బై సీఓ నిష్పత్తి. కటాఫ్ 0.150 అయి, శాంపిల్ 0.600 వస్తే నిష్పత్తి 4. నిష్పత్తి 1 చుట్టుపక్కల తచ్చాడే శాంపిల్‌ని ఒక్క రీడింగ్‌తో ఎటూ తేల్చొద్దు. ట్యూబ్ మళ్లీ తిప్పి, రెండు గుంటల్లో మళ్లీ పెట్టండి. రెండూ నెగెటివ్ వస్తే మొదటిది పొరపాటు. ఒకటైనా పాజిటివ్ వస్తే "రిపీటెడ్లీ రియాక్టివ్" అని రాసి, నిర్ధారణ పరీక్షకి పంపాలి.

కెమిల్యూమినెసెన్స్ మిషన్లలోనూ సూత్రం ఇదే, రంగుకి బదులు కాంతిని కొలుస్తారు. ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది: బయోటిన్. జుట్టు కోసం, గోళ్ల కోసం పెద్ద మోతాదులో బయోటిన్ మాత్రలు మింగేవాళ్లలో, బయోటిన్‌ని పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ మీద ఆధారపడిన కిట్లు మోసపోతాయి. శాండ్‌విచ్ పరీక్ష దొంగ నెగెటివ్ ఇస్తుంది, కాంపిటీటివ్ పరీక్ష దొంగ పాజిటివ్ ఇస్తుంది. ఫలితం రోగి పరిస్థితికి బొత్తిగా పొంతన లేకపోతే మాత్రల గురించి అడగండి.

హెపటైటిస్ బీ

వయసు మీరిన డాక్టర్లు కొందరు ఇప్పటికీ ఫారం మీద "ఆస్ట్రేలియా యాంటిజెన్" అని రాస్తారు. బరూచ్ బ్లంబర్గ్ 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ సీరంలో దీన్ని చూశారు, అందుకే ఆ పేరు. ఆయనకి 1976లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు మనం హెచ్‌బీఎస్ యాంటిజెన్, పొట్టిగా హెచ్‌బీఎస్ఏజీ అంటున్నది అదే.

వైరస్ ఒంట్లోకి వచ్చాక సగటున 4 వారాలకి హెచ్‌బీఎస్ఏజీ కనిపిస్తుంది. అది ఉందంటే వైరస్ ఉన్నట్టే. 6 నెలలు దాటినా పోకపోతే దీర్ఘకాలికం అంటాం. కాబట్టి ఒక్క పాజిటివ్ చూసి "క్రానిక్" అని రాసే హక్కు ల్యాబ్‌కి లేదు. కొత్త పాజిటివ్‌ని న్యూట్రలైజేషన్‌తో నిర్ధారించాలి: శాంపిల్‌కి యాంటీ హెచ్‌బీఎస్ కలిపి మళ్లీ పరీక్షిస్తే సిగ్నల్ కనీసం సగానికి పడిపోవాలి. పడకపోతే అది యాంటిజెన్ కాదు, ఇంకేదో అతుక్కుంది. టీకా వేసుకున్న రెండు మూడు వారాల్లోపు తీసిన శాంపిల్‌లో టీకాలోని యాంటిజెన్నే పాజిటివ్‌గా కనిపించవచ్చు, టీకా తేదీ అడగమన్నది అందుకే.

అసలు ఇబ్బంది విండో పీరియడ్. జబ్బు తగ్గుముఖం పట్టేటప్పుడు హెచ్‌బీఎస్ఏజీ మాయమవుతుంది, దానికి విరుగుడైన యాంటీ హెచ్‌బీఎస్ ఇంకా పైకి రాదు. ఆ మధ్య కాలంలో రక్తంలో దొరికేది యాంటీ హెచ్‌బీసీ మాత్రమే, అందులో కొత్త జబ్బుని పట్టిచ్చేది దాని ఐజీఎమ్, అంటే కోర్ ఐజీఎమ్. ఒక యువకుడి శాంపిల్ ఇలాగే వచ్చింది: ఏఎల్‌టీ 1800, ఐఎన్‌ఆర్ ఎక్కుతోంది, హెపటైటిస్ ఏ నెగెటివ్, హెపటైటిస్ ఈ నెగెటివ్, హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్. మందుల వల్లో, విషం వల్లో అయి ఉంటుందని వార్డులో అనుకుంటున్నారు. కోర్ ఐజీఎమ్ పెడితే ప్లేటులో పాజిటివ్ కంట్రోల్ కంటే గాఢంగా వచ్చింది. తీవ్రమైన హెపటైటిస్‌లో ఒంటి రోగనిరోధక వ్యవస్థ విరుచుకుపడి యాంటిజెన్‌ని త్వరగా తుడిచేయగలదు. అందుకే అక్యూట్ హెపటైటిస్ శాంపిల్‌కి హెచ్‌బీఎస్ఏజీతోపాటు కోర్ ఐజీఎమ్ కూడా తప్పనిసరిగా పెట్టాలంటాను. అయితే దీర్ఘకాలిక బీ ఉన్నవాళ్లకి జబ్బు ఒక్కసారిగా ఎగదన్నినప్పుడు కూడా కోర్ ఐజీఎమ్ కొద్దిగా పాజిటివ్ రావచ్చు. పాత రిపోర్టులు ఉన్నాయేమో వెతకకుండా "అక్యూట్ బీ" అని తేల్చొద్దు.

మిగతా కలయికలు త్వరగా చెబుతాను. యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కటే ఉండి, టోటల్ కోర్ లేకపోతే అది టీకా రక్షణ. లీటరుకి 10 ఇంటర్నేషనల్ యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు లెక్క. యాంటీ హెచ్‌బీఎస్, టోటల్ కోర్ రెండూ ఉంటే జబ్బు వచ్చి తగ్గింది. హెచ్‌బీఎస్ఏజీ, టోటల్ కోర్ ఉండి కోర్ ఐజీఎమ్ లేకపోతే దీర్ఘకాలికం అయి ఉండే అవకాశమే ఎక్కువ.

టోటల్ కోర్ ఒక్కటే పాజిటివ్ వస్తేనే తలనొప్పి. నాలుగు దారులున్నాయి: ఎప్పుడో వచ్చి తగ్గి, యాంటీ హెచ్‌బీఎస్ కాలక్రమేణా అరిగిపోయి ఉండొచ్చు, విండో పీరియడ్ కావొచ్చు, యాంటిజెన్ కిట్‌కి అందనంత తక్కువ ఉన్న గుప్త బీ కావొచ్చు, దొంగ పాజిటివ్ కావొచ్చు. ఎక్కించిన ఇమ్యునోగ్లోబ్యులిన్‌లోంచి అరువొచ్చిన యాంటీబాడీ అయినా ఇలాగే కనిపిస్తుంది. కోర్ ఐజీఎమ్, హెచ్‌బీవీ డీఎన్‌ఏ (బీ వైరస్ జన్యు పదార్థం) పెట్టి విడదీయాలి. రిటుక్సిమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని అణిచే మందు మొదలుపెట్టబోయే రోగి అయితే ఈ ఫలితాన్ని ఫోన్ చేసి మరీ చెప్పండి, నిద్రపోతున్న వైరస్ ఆ మందుతో లేచి లివర్‌ని ముంచేయగలదు.

హెచ్‌బీఈఏజీ (బీ వైరస్ వదిలే ఇంకో యాంటిజెన్) పాజిటివ్ అంటే వైరస్ జోరుగా పెరుగుతోందని. నెగెటివ్ అంటే పెరగడం లేదని మాత్రం కాదు. ప్రీకోర్ అనే జన్యు భాగంలో మార్పులున్న వైరస్‌కి ఈ యాంటిజెన్ తయారుచేసే శక్తి పోతుంది, పెరిగే శక్తి పోదు. అక్కడ నమ్మాల్సింది డీఎన్‌ఏ లోడ్‌నే.

హెపటైటిస్ సీ, డీ

1989 దాకా సీకి పేరే లేదు, "ఏ కాదు, బీ కాదు" అని పిలిచేవాళ్లు. ఇప్పుడు దీని పరీక్ష క్రమం అన్నిటికంటే సులువు, అయినా జనం సగంలోనే ఆపేస్తారు. మొదటి మెట్టు యాంటీ హెచ్‌సీవీ. అది రియాక్టివ్ అయితే రెండో మెట్టు హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ. సీ సోకినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి వైరస్ దానంతట అదే పోతుంది, మందులతో నయమైనవాళ్లు వేరే. వీళ్లందరికీ యాంటీబాడీ మాత్రం ఏళ్ల తరబడి, తరచు జీవితాంతం ఉండిపోతుంది. యాంటీబాడీ రిపోర్ట్ ఒక్కటే చేతికిచ్చి పంపితే, జబ్బే లేని మనిషి జీవితమంతా టెన్షన్ పడుతూ తిరుగుతాడు. యాంటీబాడీ రియాక్టివ్ వస్తే అదే రోజు తీసిన ఈడీటీఏ ట్యూబుతో, రోగిని మళ్లీ పిలవకుండా ఆర్‌ఎన్‌ఏ చేసేసే ఏర్పాటు ఉంటే అంతకంటే మంచిది లేదు. దాన్నే రిఫ్లెక్స్ టెస్టింగ్ అంటారు.

వైరస్ సోకిన ఒకటి రెండు వారాలకే ఆర్‌ఎన్‌ఏ దొరుకుతుంది. యాంటీబాడీ రావడానికి సగటున 8 నుంచి 11 వారాలు పడుతుంది. కాబట్టి కొత్తగా సూది గుచ్చుకున్నవాళ్లకి, డయాలిసిస్ రోగులకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి యాంటీబాడీ నెగెటివ్‌ని చూసి ఊరుకోవద్దు. తల్లికి సీ ఉంటే బిడ్డ రక్తంలో తల్లి యాంటీబాడీలు 18 నెలల దాకా తిరుగుతుంటాయి, అంతకుముందు తెలుసుకోవాలంటే ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే దారి. పీసీఆర్ సౌకర్యం లేనిచోట కోర్ యాంటిజెన్ పరీక్ష పనికొస్తుంది, లోడ్ బాగా తక్కువగా ఉంటే మాత్రం అందుకోలేదు. చికిత్స ముగిసిన 12 వారాలకి ఆర్‌ఎన్‌ఏ లేకపోతే నయమైనట్టు. నయమైందా లేదా అని చూడ్డానికి యాంటీబాడీ పెట్టమని రాస్తే ఫారం తిప్పి పంపండి.

డీ వైరస్ బీ మీద పడి బతుకుతుంది, దాని పైకవచం హెచ్‌బీఎస్ఏజీ నుంచి అరువు తెచ్చుకున్నదే. కాబట్టి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయినవాళ్లకే ఈ పరీక్ష. ముందు టోటల్ యాంటీ హెచ్‌డీవీ, పాజిటివ్ అయితే ఆర్‌ఎన్‌ఏ. రెండూ ఒకేసారి సోకాయా, పాత బీ మీద డీ వచ్చి పడిందా అన్నది మళ్లీ కోర్ ఐజీఎమ్ చెబుతుంది: ఉంటే ఒకేసారి వచ్చినట్టు, లేకపోతే పాతదాని మీద కొత్తది.

ఏ, ఈ

నీటి ద్వారా, ఆహారం ద్వారా వచ్చే ఈ రెంటికీ ఐజీఎమ్ పరీక్షే మూలం. హెపటైటిస్ ఏ విషయంలో లక్షణాలు కనిపించేసరికే ఐజీఎమ్ పాజిటివ్ అయి ఉంటుంది, 3 నుంచి 6 నెలలు ఉంటుంది. ఐజీజీ (తర్వాత వచ్చి నిలిచే యాంటీబాడీ) జీవితాంతం. లక్షణాలు లేని మనిషికి ఊరికే ప్రొఫైల్‌లో కలిపి హెపటైటిస్ ఏ ఐజీఎమ్ చేస్తే వచ్చే పాజిటివ్‌లలో దొంగవి ఎక్కువ. అసలు చేయకపోవడమే మంచిది.

హెపటైటిస్ ఈ ఐజీఎమ్ కిట్లు ఒకదానితో ఒకటి సరిపోలవు, కిట్ మారితే ఫలితం మారవచ్చు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతంలో కనిపించే యాంటీబాడీ) ఉన్నవాళ్లలో, ఈబీవీ, సీఎంవీ వైరస్‌లు సోకినవాళ్లలో దొంగ ఐజీఎమ్ పాజిటివ్‌లు వస్తాయి. గర్భిణి శాంపిల్ అయితే దాన్ని వరసలో ముందుకి జరపండి, చివరి నెలల్లో హెపటైటిస్ ఈ వైరస్ ప్రాణం తీయగలదు. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లలో యాంటీబాడీలు రాకపోవచ్చు. వాళ్లకి రక్తంలోనో మలంలోనో ఆర్‌ఎన్‌ఏ వెతకాలి.

పీసీఆర్ గది

ఇక్కడ ఒకే సూత్రం: నడక ఒకే దిక్కుకి. రీఏజెంట్లు కలిపే గది, న్యూక్లియిక్ ఆసిడ్ తీసే గది, యాంప్లిఫికేషన్ గది. ముందుకి వెళ్లినవాళ్లు అదే కోటుతో, అదే పిపెట్‌తో వెనక్కి రాకూడదు. యాంప్లిఫై అయిన ట్యూబ్ మూత తీయడమే పెద్ద నేరం, గాల్లోకి లేచిన తుంపరలో కోట్ల కాపీలుంటాయి. ప్రతి రన్‌లో నెగెటివ్ కంట్రోల్ ఉండాలి, ప్రతి శాంపిల్‌లో ఇంటర్నల్ కంట్రోల్ (రియాక్షన్ నడిచిందని చూపడానికి ముందే కలిపే జన్యు ముక్క) ఉండాలి. ఇంటర్నల్ కంట్రోల్ కూడా రాని శాంపిల్ నెగెటివ్ కాదు, చెల్లనిది.

వైరల్ లోడ్‌ని మిల్లీలీటరుకి ఇంటర్నేషనల్ యూనిట్లలో ఇవ్వండి, పక్కనే లాగ్ విలువ (10కి ఎన్నో ఘాతమో చెప్పే అంకె) కూడా రాయండి. పాత రిపోర్ట్‌లో 8,000, ఇప్పుడు 14,000 వస్తే రోగి బెంబేలెత్తిపోతాడు. లాగ్‌లో చూస్తే ఆ తేడా 0.25 కూడా లేదు. 0.5 లాగ్ దాటితేనే, అంటే సుమారు మూడు రెట్లు మారితేనే మార్పుగా లెక్కపెడతాం. "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" వేరు, "డిటెక్టెడ్, కానీ కొలవగల పరిమితి కంటే తక్కువ" వేరు. రెండో దాన్ని నెగెటివ్ అని రాయొద్దు.

రిపోర్ట్ పంపే ముందు

అంకె పక్కన ఒక వాక్యం రాయండి. "యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్. ప్రస్తుతం వైరస్ ఉందో లేదో తేలడానికి హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ అవసరం." అంతే చాలు. కిట్ పేరు, పద్ధతి కూడా రాస్తే తర్వాత ఇంకో ల్యాబ్‌లో వేరే ఫలితం వచ్చినప్పుడు ఎందుకు తేడా వచ్చిందో తెలుస్తుంది. కొత్తగా పాజిటివ్ వచ్చిన ప్రతి రోగికీ రెండో శాంపిల్ తెప్పించి ఒకసారి సరిచూస్తే, ట్యూబులు తారుమారైన సంగతి అక్కడే బయటపడుతుంది.

పని అయ్యాక మిగిలిన సీరాన్ని పారబోయకండి. లేబుల్ మీద తేదీ, జబ్బు మొదలైన తేదీ రెండూ రాసి, ఫ్రీజర్‌లో పెట్టండి. కొన్ని వారాల తర్వాత రెండో శాంపిల్ వచ్చినప్పుడు పాతదీ కొత్తదీ ఒకే ప్లేటులో, పక్కపక్క గుంటల్లో వేయండి. ఐజీఎమ్ పడిపోతోందా, యాంటీ హెచ్‌బీఎస్ పైకి వస్తోందా అన్నది అప్పుడు కిట్ తేడాలు, రోజు తేడాలు అడ్డురాకుండా తెలుస్తుంది.